కొత్త కారు పెయింట్ మీద మొండి మరకలు: పెయింట్ పాడవకుండా తీసే పద్ధతి

కొత్త కారు మీద మరక పడింది, ఎలా పోగొట్టాలి అని అడిగేవాళ్లు ఎక్కువగా ఏ మందు వాడాలో చెప్పమంటారు. మందు పేరు చెప్పడం తేలికే. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ మరక పెయింట్ మీద కూర్చుందా, పెయింట్‌లోకి దిగిందా?

మీద కూర్చున్నదైతే నానబెట్టి, కరిగించి తీసేయొచ్చు. లోపలికి దిగినదైతే ఎంత తుడిచినా పోదు, తుడిచిన కొద్దీ చుట్టూ గీతలు మిగులుతాయి. కొత్త కార్ల మీద నేను చూసే నష్టంలో చాలా భాగం మరక వల్ల వచ్చింది కాదు, దాన్ని తీయబోతే వచ్చింది.

1. చెయ్యి పెట్టే ముందు పెయింట్ సంగతి తెలుసుకోండి

కారు పెయింట్ ఒకే పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపైన ప్రైమర్, ఆపైన రంగు, చాలా కార్లకు అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లే. అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువ.

కారుకు మెరుపునిచ్చేది ఆ సన్నటి పొరే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును వెలిసిపోనివ్వకుండా ఆపేదీ అదే. పాలిష్ పట్టడమంటే ఆ పొరను కొద్దిగా అరగదీయడం. అరిగింది తిరిగి రాదు. అందుకే ఈ పనిలో మొదట నీళ్లు, తర్వాత ద్రావణాలు, ఆ తర్వాత క్లే (అంటుకున్న కణాలను పట్టి లాగే మైనం లాంటి ముద్ద), చివరి మార్గంగా పాలిష్. ఈ వరస తప్పకూడదు.

మూడు రకాల కార్లకు ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు:

- మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పూత): క్లే, పాలిష్, మామూలు వ్యాక్స్ ఏవీ వాడకూడదు. రుద్దిన చోట నిగనిగలాడే మచ్చ పడుతుంది, దాన్ని మళ్లీ మ్యాట్‌గా మార్చలేం.
- పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అంటించినవి: మరక ఫిల్మ్ మీద ఉంటుంది. ఫిల్మ్ తయారీదారు ఒప్పుకున్న ద్రావణాలే వాడాలి.
- సిరామిక్ కోటింగ్ వేసినవి: పాలిష్ పడితే కోటింగ్ కూడా పోతుంది. ముందు కోటింగ్ వేసినవాళ్లను అడగండి.

2. కారు చేతికొచ్చి కొద్ది రోజులే అయితే

ముందు ఫొటోలు తీయండి. వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడి, మరకను దగ్గర నుంచి ఒకటి, ఏ భాగంలో ఉందో తెలిసేలా దూరం నుంచి ఒకటి. డీలర్‌కు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తెలియజేయండి. రవాణాలో అంటుకున్న ఇనుప రజను, ఫిల్మ్ తాలూకు జిగురు, షోరూమ్‌లో కడిగినప్పుడు పడ్డ గీతలు మీ చేతికి రాకముందే ఉన్నవి. మీరు పాలిష్ పట్టిన తర్వాత ఆ మాట నిరూపించడం కష్టం.

పిట్టరెట్ట, చెట్టు బంక వంటివి మామూలుగా వారంటీ కిందికి రావు. వాటి విషయంలో డీలర్ జవాబు కోసం ఆగకండి. ఫొటో తీసి వెంటనే కడిగేయండి.

ఒక జాగ్రత్త. "ఒక్క నిమిషం, రుద్ది ఇచ్చేస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఏ యంత్రంతో, ఏ పాలిష్‌తో చేస్తారో అడగండి. గరుకు కాంపౌండ్ పెట్టి రోటరీ యంత్రంతో (ప్యాడ్‌ను ఒకే ఇరుసు మీద గిర్రున తిప్పేది) హడావిడిగా తిప్పితే మరక పోయి, ఎండలో కదిలే నీడల్లాంటి హోలోగ్రామ్ గుర్తులు మిగులుతాయి.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. మొదటి ఐదు ఎవరికైనా కావాల్సిందే, మిగతావి మరకను బట్టి.

- రెండు బకెట్లు, న్యూట్రల్ పీహెచ్ కార్ షాంపూ
- మైక్రోఫైబర్ వాష్ మిట్ (చక్రాలకు వేరేది)
- శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు ఏడెనిమిది, ఆరబెట్టడానికి పెద్ద టవల్ ఒకటి
- మంచి టార్చ్
- నైట్రైల్ గ్లవ్స్
- టార్ రిమూవర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్
- ఐరన్ రిమూవర్
- తెల్ల వెనిగర్ లేదా వాటర్ స్పాట్ రిమూవర్
- ఫైన్ గ్రేడ్ క్లే బార్, దాని లూబ్రికెంట్
- ఫినిషింగ్ పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్, మాస్కింగ్ టేప్
- వ్యాక్స్ లేదా సీలెంట్ (పెయింట్‌ను కాపాడే పైపూతలు)

కారు దగ్గరికి తేకూడనివి: పెట్రోల్, కిరోసిన్, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, టూత్‌పేస్ట్, గిన్నెలు తోమే పీచు, బ్లేడు. ఇంట్లో గోడ మరకలు తుడిచే తెల్ల మెలమైన్ స్పాంజి కూడా ఈ జాబితాలోదే. చేతికి మెత్తగా తగులుతుంది గానీ, అది పనిచేసేదే సన్నటి గరుకు కాగితంలా అరగదీసి. క్లియర్ కోట్ మీద నాలుగు రుద్దులకే మెరుపు పోతుంది.

4. ముందు సరిగ్గా కడగండి

మురికి ఉన్న పెయింట్ మీద ఏ పని మొదలుపెట్టినా ఇసుక రేణువులతో రుద్దినట్టే. కారును నీడలో ఉంచి, బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకాసేపు ఆగాలి.

1. చక్రాలు ముందు, వేరే మిట్‌తో, వేరే నీళ్లతో.
2. పై నుంచి కిందికి ధారగా నీళ్లు కొట్టి, వదులుగా ఉన్న దుమ్మంతా పోనివ్వండి.
3. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు. ఒక్కో భాగం కడగగానే మిట్‌ను మంచినీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచండి.
4. రూఫ్ నుంచి మొదలుపెట్టి తలుపుల కింది భాగంతో ముగించండి. చేతిని గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో తిన్నగా లాగండి.
5. షాంపూ ఆరేలోపు కడిగేసి, టవల్ పరిచి అద్దండి. రుద్దొద్దు.

మిట్ కింద పడితే దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి తీసుకోండి. జాడిస్తే సరిపోతుందనుకోవద్దు, ఒక్క ఇసుక రేణువు ఉన్నా బానెట్ పొడవునా గీత పడుతుంది.

5. మరక ఎక్కడుందో తేల్చుకోండి

ఆరిన పెయింట్ మీద మూడు పరీక్షలు చేయాలి. తొందరపడి వదిలేసేది ఈ మెట్టునే.

వెలుతురు పరీక్ష: టార్చ్‌ను నిటారుగా కాకుండా పక్కవాటంగా పట్టండి. మరక ఉబ్బెత్తుగా, అంచుల్లో నీడ పడుతూ కనిపిస్తే అది పైన ఉన్నట్టు. చుట్టూ మెరుస్తూ అక్కడ మాత్రం మసకగా, కొద్దిగా గుంట పడినట్టు ఉంటే లోపలికి దిగినట్టు.

స్పర్శ పరీక్ష: పల్చటి ప్లాస్టిక్ సంచిలోకి చెయ్యి దూర్చి, వేళ్ల కొసలతో పెయింట్ మీద తేలిగ్గా పోనివ్వండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన తలుపు సంచిలోంచి గరగరలాడుతూ తగులుతుంది. ఆ గరుకు ఇనుప రజనుదో, తారు తుంపరలదో, పడి గట్టిపడిన మరేదైనా పదార్థానిదో అయ్యుంటుంది. సంచికి నున్నగా తగిలి కంటికి మరక కనిపిస్తుంటే అది పొరలోపలి సంగతి.

గోరు పరీక్ష, గీతలకు మాత్రమే: గోటిని గీతకు అడ్డంగా, ఒత్తిడి లేకుండా జరపండి. గోరు తట్టుకుంటే అది లోతైన గీత. పాలిష్‌తో పూర్తిగా తీయబోవద్దు.

6. ఏ మరకకు ఏ విరుగుడు

ఏ ద్రావణమైనా ముందు కంటికి కనపడని చోట, తలుపు అంచు కిందో మరెక్కడో, చిన్న చుక్క వేసి చూడండి. పెయింట్ మసకబారకపోతే ముందుకు వెళ్లండి.

పిట్టరెట్ట. ఇందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. అయితే ఆమ్లం ఒక్కటే కారణం కాదు. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, చల్లబడేటప్పుడు ఎండి గట్టిపడిన రెట్ట చుట్టూ బిగుసుకుని దాని ఆకారాన్నే పట్టేస్తుంది. కడిగాక కూడా అక్కడ మసకగా కనిపించేది ఆ అచ్చే. కాబట్టి రెట్ట పడిన మొదటి గంటలే ముఖ్యం, ముఖ్యంగా ఎండ రోజున.

గోరువెచ్చటి షాంపూ నీళ్లలో తడిపిన గుడ్డను రెట్ట మీద పరిచి ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత గుడ్డను పైకెత్తండి. రెట్ట ముద్దగా గుడ్డకే అంటుకుని రావాలి. రాకపోతే తుడవకండి, గుడ్డ మళ్లీ తడిపి ఇంకో ఐదు నిమిషాలు పరచండి. రెట్టలో ఇసుక, గింజల పొట్టు ఉంటాయి, అవే గీతలు పెట్టేది. మచ్చ మిగిలితే, అది తేలికదైతే, హెయిర్ డ్రయర్‌ను దూరంగా పట్టుకుని కదుపుతూ చెయ్యి ఓర్చుకునేంత వేడి చేయండి. కొన్ని పెయింట్లు ఆ వేడికి కొంత సర్దుకుంటాయి. సర్దుకోకపోతే అది 8వ అంచెకు వెళ్లాల్సిన మరక.

నీటి మరకలు. నీళ్లు ఆరిపోతాయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి వలయాలుగా మిగిలిపోతాయి. ఇవి క్షార స్వభావం కలవి కాబట్టి షాంపూకు లొంగవు, తేలికపాటి ఆమ్లం కావాలి. తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి గుడ్డ తడిపి మరక మీద ఒకటి రెండు నిమిషాలు పరచండి. తీసేసి వెంటనే పుష్కలంగా నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పూత లేని లోహపు భాగాల మీద పడకుండా చూసుకోండి. పాత వ్యాక్స్ ఉంటే ఇది దాన్ని బలహీనపరుస్తుంది, మళ్లీ వేసుకోవాలి.

రెండుసార్లు చేశాక కూడా వలయం అలాగే ఉంటే లవణం పోయి దాని గుంట మిగిలిందన్నమాట. మూడోసారి వెనిగర్ వేస్తే లాభం లేదు.

ఇనుప రజను. తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కలుగా కనపడి, కొత్త కారుకు తుప్పు పట్టిందని జనం కంగారుపడేది దీన్ని చూసే. తుప్పు పట్టింది కారు రేకు కాదు. రైలు పట్టాల నుంచి, బ్రేకుల నుంచి ఎగిరి పెయింట్‌లో గుచ్చుకున్న సన్నటి ఇనుప ముక్కలు తుప్పు పడతాయి. రైలు వ్యాగన్లలో వచ్చిన కార్ల మీద ఇవి ఎక్కువ.

చల్లని పెయింట్ మీద ఐరన్ రిమూవర్ చల్లి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. చుక్క ఉన్న ప్రతిచోటా ఊదారంగు మొలిచి ధారలుగా కిందికి కారుతుంది. ఇనుము కరుగుతోందనడానికి అదే గుర్తు. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి గాలి ఆడేచోట, గ్లవ్స్ వేసుకుని చేయండి. ద్రావణం ఆరిపోకముందే కడిగేయాలి. చుక్కలు మిగిలితే రుద్దకుండా రెండోసారి చల్లండి.

తారు. చక్రాల వెనక, తలుపుల కింది భాగంలో నల్లటి చుక్కలు. గుడ్డకు టార్ రిమూవర్ పట్టించి ఒక నిమిషం అద్ది ఉంచండి. చుక్క గోధుమరంగులోకి కరిగి జారుతుంది. ఒక్కసారి తుడిచి గుడ్డ మడత మార్చండి, ఆ మడతతోనే రెండో చుక్క తుడిస్తే తారు పూసినట్టవుతుంది. అయ్యాక షాంపూతో కడగాలి. రబ్బరు, నల్ల ప్లాస్టిక్ భాగాల మీద ద్రావణం నిలవనివ్వొద్దు.

చెట్టు బంక. తాజాదైతే వేడినీళ్లు, షాంపూ చాలు. గట్టిపడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డను అర నిమిషం నుంచి నిమిషం దాకా అద్ది, మెత్తబడినంత మేర తుడవండి. ఒకేసారి మొత్తం రాదు. గోటితో గీకితే బంక వస్తుంది, దానితో గీతా వస్తుంది.

స్టిక్కర్, ఫిల్మ్ జిగురు. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, పెయింట్‌కు దగ్గరగా మడిచి నెమ్మదిగా లాగండి. మిగిలిన జిగురుకు టార్ రిమూవర్.

పురుగుల మరకలు. తడి గుడ్డ పరిచి నానబెట్టడమే. జాలీ స్పాంజితో తోమకండి.

సిమెంట్ తుంపరలు, వేరే పెయింట్ తుంపరలు. సిమెంట్‌ను వెనిగర్ నీళ్లతో పదేపదే నానబెట్టి కరిగించాలి, ఊడబెరకొద్దు. విస్తారంగా పడితే డీటెయిలింగ్ చేసేవాళ్లకే అప్పగించండి. పెయింట్ తుంపరలకు క్లే సరైన మార్గం.

7. క్లే బార్: ద్రావణాలకు లొంగనివాటికి

క్లే అనేది మైనంలా సాగే ముద్ద. పెయింట్ మీద పొడుచుకొచ్చిన కణాలను పట్టి లాగేస్తుంది. లోపలి గుంటలను ఏమీ చేయలేదు, అక్కడ క్లే రుద్దడం వృథా.

1. చిన్న ముక్క తీసుకుని చేతిలో పిసికి, అరచేతికి పట్టేలా చదును చేయండి.
2. రెండడుగుల చదరం మేర లూబ్రికెంట్ దండిగా చల్లండి.
3. బరువు వేయకుండా తిన్నగా ముందుకూ వెనక్కూ జరపండి. మొదట గరగరమని చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు ఆగిపోతే అక్కడ పని అయిపోయినట్టు.
4. ముక్కను తిప్పి చూసి, మురికి వైపును లోపలికి మడిచి మళ్లీ పిసకండి.
5. తుడిచి, సంచి పరీక్ష మళ్లీ చేయండి.

నేల మీద పడిన క్లేను చెత్తబుట్టలో వేయాల్సిందే, ఎంత కొత్తదైనా సరే.

నల్ల కార్ల మీద క్లే తర్వాత సన్నటి మసక గీతలు మిగలొచ్చు. అందుకే ముదురు రంగు కార్లకు మరక ఉన్నచోట మాత్రమే క్లే చేయమంటాను, కారంతా వద్దు.

8. పాలిష్: లోపలికి దిగిన మచ్చలకు

ఇక్కడి నుంచి మీరు క్లియర్ కోట్‌ను తగ్గిస్తున్నారు. మచ్చ నిజంగా బాధపెడుతోందా, రెండడుగుల దూరం నుంచి కనిపిస్తోందా అని ఒకసారి చూసుకోండి. టార్చ్ వేస్తే తప్ప కనపడని మచ్చను నేనైతే వదిలేస్తాను.

చిన్న మచ్చకు చెయ్యి చాలు. ఫోమ్ ప్యాడ్ మీద బఠానీ గింజంత ఫినిషింగ్ పాలిష్ వేసి, మధ్యస్థమైన ఒత్తిడితో, మచ్చ చుట్టూ కొంచెం ఎక్కువ మేర, ముందు నిలువుగా తర్వాత అడ్డంగా రుద్దండి. ముప్పై నలభై సార్లు జరిపాక తుడిచి చూడండి.

విస్తారంగా ఉంటే డ్యుయల్ యాక్షన్ యంత్రం (ప్యాడ్‌ను తిప్పుతూనే అటూఇటూ ఊపేది) వాడండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు రోటరీ జోలికి పోవద్దు.

1. బాడీ రేకు మడతలకు, అంచులకు, నల్ల ప్లాస్టిక్‌కు మాస్కింగ్ టేప్ వేయండి. అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది.
2. ఒక అడుగు చదరంలో ముందు ప్రయోగం చేయండి. అతి మెత్తటి ప్యాడ్, అతి నాజూకు పాలిష్‌తోనే మొదలు.
3. నాలుగైదు చుక్కలు వేసి, తక్కువ వేగంతో పరిచి, మధ్యస్థ వేగానికి పెంచి నెమ్మదిగా నాలుగు నుంచి ఆరు వరసలు తిప్పండి. ఒక్కో వరస ముందుదాన్ని సగం కప్పాలి.
4. తుడిచాక నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడవండి. పాలిష్‌లోని నూనెలు గీతలను కప్పిపెడతాయి, అవి పోతేనే అసలు ఫలితం కనిపిస్తుంది.
5. టార్చ్‌తో చూడండి. సరిపోకపోతే ముందు పాలిష్‌ను, ఆ తర్వాతే ప్యాడ్‌ను ఒక్కో మెట్టు గట్టిది చేయండి.

ప్లాస్టిక్ బంపర్ల మీద వేడి త్వరగా పేరుకుంటుంది. మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూడండి.

ఎనభై శాతం పోతే ఆపేయండి. మిగిలిన ఇరవై కోసమే జనం క్లియర్ కోట్ దాటి రంగులోకి వెళ్లేది. ప్యాడ్ మీద కారు రంగు అంటుకుంటే, ఆ కారుకు క్లియర్ కోట్ ఉన్నదే అయితే, ఆ క్షణమే యంత్రం ఆపాలి.

9. గోరు తట్టుకునే గీతలు

గీత లోపల తెల్లగానో బూడిదరంగుగానో కనిపిస్తే ప్రైమర్ దాకా, లోహం మెరిస్తే రేకు దాకా వెళ్లినట్టు. దీనికి పాలిష్ మందు కాదు. కారు కలర్ కోడ్ తలుపు స్తంభం దగ్గరో బానెట్ కిందో పలక మీద ఉంటుంది, ఆ కోడ్‌కు సరిపోయే టచప్ పెయింట్ తెచ్చి గీతలో మాత్రమే సన్నటి కుంచెతో నింపండి. ఒకేసారి లావుగా కాదు, ఆరనిస్తూ రెండు మూడు పల్చటి పూతలు. రేకు కనిపిస్తుంటే ఆలస్యం చేయొద్దు, అక్కడ నిజంగానే తుప్పు మొదలవుతుంది.

వేరే వాహనం రాసుకుని దాని రంగు అంటుకుంటే మాత్రం భయపడకండి. చాలావరకు అది మీ పెయింట్ మీద పరుచుకున్న వాళ్ల పెయింట్. టార్ రిమూవర్‌తో, తర్వాత చేత్తో పాలిష్‌తో పోతుంది. కింద అసలు గీత ఎంతుందో అప్పుడే తెలుస్తుంది.

10. పొరపాటు జరిగిపోతే

- ద్రావణం ఎండిపోయి చారలు కట్టింది: అదే ద్రావణం మళ్లీ చల్లి మెత్తబడగానే కడగండి. పొడిగా తుడవొద్దు.
- నల్ల ప్లాస్టిక్ మీద పాలిష్ తెల్లగా అంటింది: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్.
- రుద్దినచోట మసక పొర కమ్మింది: ఇంకా మెత్తటి ప్యాడ్, నాజూకు పాలిష్‌తో అక్కడే ఒక్కసారి.
- క్లే జిగురులా అంటుకుపోయింది: లూబ్రికెంట్ తక్కువైంది, లేదా పెయింట్ వేడిగా ఉంది. మళ్లీ చల్లి, చల్లబడనివ్వండి. మిగిలినది టార్ రిమూవర్‌తో తుడవండి.
- పాలిష్ పట్టాక మరక పోయి, వారానికి మళ్లీ కనిపించింది: అది పోలేదు, నూనె కప్పింది. 8వ అంచెలో ఆల్కహాల్ తుడుపు వదిలేశారు.

11. చివరగా పైపొర

మరక తీసిన చోట వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ ఉండదు. అదే రోజు పల్చగా వేసి, పొగమంచులా మసకబారాక శుభ్రమైన గుడ్డతో తుడిచేయండి. కారులో ఒక సీసా క్విక్ డీటెయిలర్ (చల్లి తుడిచే శుభ్రపరిచే స్ప్రే), రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంచుకుంటే తాజా రెట్టను అక్కడికక్కడే నానబెట్టి ఎత్తేయొచ్చు.

ఫ్యాక్టరీ పెయింట్‌ను దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో కాల్చి గట్టిపరుస్తారు, కాబట్టి కొత్త కారుకు మొదటి రోజే వ్యాక్స్ వేయొచ్చు. మరమ్మతు షాపులో మళ్లీ పెయింట్ వేసిన భాగం సంగతి వేరు. అక్కడ వేడి చాలా తక్కువ, పూత గట్టిపడుతూ ఉండగా ద్రావకాలు వారాల తరబడి బయటికి వస్తుంటాయి. వేసినవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన గడువు దాకా (మామూలుగా 30 నుంచి 90 రోజులు) ఆ భాగానికి వ్యాక్స్, సీలెంట్, కోటింగ్ ఏవీ వేయకండి. ఆ రోజుల్లో దానికి నీళ్లు, షాంపూ మాత్రమే.